ముందుకు జరుగు సామీ

ఇప్పటికీ సైకిలు వెనక కూర్చోవాలంటే నాకు జంకు.

యుద్ధకాలంలో పెట్రోలు కరువై బస్సు రాక, ఒక మంచు ఉదయం యలహంకలో బాడుగ సైకిలు వెనక కూర్చుని బెంగళూరు బయలుదేరాను. తొక్కేవాడు తెలుగువాడే. ఊరు దాటాక నిర్మానుష్యమైన మలుపులో ఆగి గంట కొట్టాడు.

"కొంచెం ముందుకు జరుగు సామీ. ఇంకొకాయప్ప ఎక్కాల."

ఎవరూ కనిపించలేదు. విసుక్కుంటూనే జరిగాను.

"ప్లేగప్పుడు ఒకాయప్ప జ్వరంతో ఒళ్లు కాలిపోతా ఈడ చెయ్యెత్తినాడు. నాకు అంటుకుంటాదని ఆపకుండా పోతి. తిరిగొచ్చేసరికి ఈడే సచ్చిపోయి ఉండాడు. అప్పట్నుంచి ప్రతి సవారీలో ఆయప్పను ఆసుపత్రికి తీసకపోతా ఉండా."

ఆసుపత్రి గేటు దగ్గర ఆపి, వెనక్కి తిరగకుండా "దిగప్పా" అన్నాడు.

అంతవరకూ వెచ్చగా ఉన్న నా వీపుకు ఒక్కసారిగా చలి తగిలింది.