అప్పలసూరి బరువు పాట

అప్పలసూరి ఇంటికి వెళ్ళినవాడికి ముందు పాట, తరువాతే టీ. పాట అయ్యేదాకా టీ రాదు, ఆ పాటేమో ఒక పట్టాన అవదు. హిందీ నాట బాగ్‌బేరాలో స్థిరపడ్డ తెలుగువాళ్ళలో ఈ సంగతి తెలియనివాడు లేడు, తెలిశాక మళ్ళీ వెళ్ళినవాడూ లేడు.

పోనీ అది భజనా, సినిమా పాటా? కాదు, డూమ్ మెటల్ అనే నత్తనడక ఇంగ్లీషు రాక్. అతనిది మైకుసెట్ల వ్యాపారం. స్పీకర్లు అద్దెకు తీసుకున్న కాలేజీవాళ్ళెవరో పెన్‌డ్రైవ్ మరిచిపోయి వెళ్ళారు. అందులో ఈ ఆల్బమ్ దొరికింది. గిటారు ఒక్క మోత మోగుతుంది. అది చల్లారి, విన్నవాడు ఆశ వదులుకున్నాక రెండోది మోగుతుంది. గాయకుడు నూతిలోంచి గర్జిస్తాడు. రైల్వే యార్డులో వ్యాగన్లు గుద్దుకున్నా ఇంతకంటే హుషారుగా ఉంటుందని భార్య గౌరీదేవి అభిప్రాయం. కాసిడీహ్ పేటలో కుట్టుపని ముగించుకుని ఆమె ఇల్లు చేరేసరికి రోజూ ఇదే మోత.

"ఏటయ్యా ఇది, ఎవులైనా పోయారా?"

"పాట ఇంకా మొదలవనేదే."

"వీధి మొగన్నుంచీ వినబడతంది కదా."

"అది గొంతు సర్దుకోడం. పరిగెత్తే పాట ఎవుడైనా కొడతాడు. ఇలా ఆగి ఆగి కొట్టమను సూద్దాం."

చివరికి అమ్మవారి పండగ కమిటీ పెద్ద సీతారామరావు గుమ్మంలోకి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. టీ సంగతి ఆయనకూ తెలుసు.

"సూరీ, బస్ కరో భాయ్. గోడలు అదురుతన్నాయి. ఈ పాట బంద్ చెయ్యి. నేకపోతే ఈ యేడు పండగ మైకు ఇంకొకడికి ఇచ్చేత్తాం. రేపు సాయంత్రం వత్తాను, మాట సెప్పు."

"రేపటిదాకా ఎందుకు? ఇచ్చీండి. నా ఇల్లు, నా కరెంటు, నా పాట." పెద్దమనిషి మెట్లు దిగకముందే సౌండు పెంచాడు.

మాట అలా అన్నాడు గాని, అమ్మవారి పండగ మైకంటే అతనికి ప్రాణం. తండ్రి నాటి నుంచీ వాళ్ళ చేతిలోనే ఉంది. ఆ పూట అన్నం కెలికి వదిలేశాడు. గౌరీదేవి అది చూసింది. సీతారామరావు వచ్చేలోగా ఆ పెన్‌డ్రైవ్‌ను మాయం చేద్దామని మర్నాడు పని మధ్యలోనే వదిలేసి వచ్చింది.

గదిలో ఎర్రయ్య తాత ఉన్నాడు. తప్పెటగుళ్ళ దళానికి ఆయనే పెద్ద. పండగలో రొమ్ముకు తప్పెట కట్టుకుని ఆయన అడుగేస్తేనే దళం కదులుతుంది. ఇప్పుడు స్పీకరు పెట్టెకు వీపు ఆనించి, కళ్ళు మూసుకుని, రొమ్ము మీద అరిచేతులతో తాళం వేస్తున్నాడు.

"తాతా," అంది గౌరీదేవి. పలకలేదు. గట్టిగా పిలిచినా పలకలేదు.

"ఎంత పిలిసినా అంతే," అన్నాడు అప్పలసూరి. "చెవులు రెండూ పోయాయి. కమిటీకి తెలిత్తే దళంలోంచి తీసి కుర్సీలో కూకోబెడతారు. అందుకే దెబ్బని గుండెతో పట్టుకోడం నేర్సుకుంటన్నాడు. వేరే పాటలన్నీ పెట్టి సూశాను, అందట్లేదు. ఇదొక్కటే ఆయన కోసం ఆగతంది."

"నాకైనా సెప్పకూడదేటి?"

"ఎవులికీ సెప్పనని తాతకి మాటిచ్చాను. రోజూ నువ్వొచ్చే ముందే పంపించేస్తన్నాను." స్పీకరు మీద దుమ్ము దులిపి, "పాట కూడా బాగుంటాది," అన్నాడు.

గుమ్మంలో సీతారామరావు దగ్గు వినిపించింది. గౌరీదేవి గది తలుపు చేరవేసి బయటికి వచ్చింది.

"అన్నయ్యా, మైకు ఎవులికి ఇచ్చుకుంటారో ఇచ్చుకోండి. పాట ఆగదు."

"నీకూ నచ్చిందేటి చెల్లీ?"

"రోజూ పెట్టమంటన్నది నేనే. సౌండు సాలట్లేదు కూడా." లోపలికెళ్ళి బొత్తాం ఇంకాస్త తిప్పింది. వంటింట్లో గిన్నెలు గలగలలాడాయి.

ఆ యేడు మైకు నిజంగానే వేరేవాడికి పోయింది. పండగనాడు అప్పలసూరి పనేమీ లేక జనంలో నిలబడ్డాడు. ఎర్రయ్య తప్పెట కట్టుకుని మొదటి అడుగు వేశాడు. ఆగాడు. జనం ఊపిరి బిగబట్టాక రెండో అడుగు వేశాడు. దళమంతా ఆయన వెనకే కదిలింది.

పక్కనే ఉన్న సీతారామరావు తల పంకించాడు. "అడుగంటే అదీ. ఎంత నిదానం, ఎంత బరువు. సూరీ, ఇలాంటిది ఇనాలి నువ్వు, ఆ దిక్కుమాలిన మోత కాదు."

"సిత్తం," అన్నాడు అప్పలసూరి. గౌరీదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.