బావ కాలు

కూర్మనాథుడి మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం.

మా అక్క మొగుడు ఎక్కడ కూర్చున్నా కాలు ఊపుతూనే ఉండేవాడు. అన్నం దగ్గరా అంతే. "ఆ కాలు ఆపయ్యా!" అని అక్క అరవని రోజు లేదు. అలాంటి మనిషి ముచ్చటపడి, గేర్లు తనంతట తనే మార్చుకునే పాత విదేశీ కారు కొన్నాడు. మా ఊరు నెల్లిమర్ల చేరేసరికి అది గేరు మారినప్పుడల్లా ఎడ్లబండిలా కుదపడం మొదలెట్టింది.

"సాయంత్రానికి బాగవకపోతే తుక్కోడికి ఇచ్చేస్తాను, సూడు," అంది అక్క.

బావ కారు కిందికి దూరి గేర్‌బాక్స్ బిరడా విప్పాడు. నల్లటి ఆయిలు కింద పెట్టిన మట్టి దాకలోకి చుక్కచుక్కగా దిగుతోంది. ఎంత దిగితే అంతే కొత్తది పోయాలట. అంతసేపూ కాలుకాలిన పిల్లిలా కారు చుట్టూ తిరిగాడు.

"ఏటయ్యా, నా సేపల దాకే దొరికిందా నీ ఆయిలుకి?" అని అరిచింది అక్క.

"అరవకే, ఆయిలు బెదిరిపోతాది!"

ఎర్రటి కొత్త ఆయిలు పోసి, ఇంజను వేడెక్కనిచ్చి, గేరు వేశాడు. కారు వెన్నలా కదిలింది. జూట్ మిల్లు దాకా వెళ్లొచ్చాం. దిగాక అరుగు మీద కూర్చున్న బావ కాలు ఊగడం లేదు.

కూర్మనాథుడు నన్ను క్షమించాలి. జూట్ మిల్లు షికారు నేను అల్లిందే. కొత్త ఆయిలు పోశాక కారు గేటు కూడా దాటలేదు. సాయంత్రం తుక్కువాడు తాడు కట్టి లాక్కుపోయాడు. కాలు ఆగిందన్నది మాత్రం నిజం. అన్నం దగ్గర కూడా బావ అలాగే కూర్చున్నాడు.

అక్క కాసేపు చూసి, కంచంలో ఇంకో చేప ముక్క వేసి, "ఊపయ్యా ఆ కాలు, సూడలేకపోతన్నాను," అంది.