ఊడవలసిన మీసం

నేను పని మానుకోవడానికి ముందు ఏడాది, మార్చి నెలలో, ఇబ్రహీంపట్నంలో పదిహేను రోజుల షూటింగుకు మేకప్ మ్యాన్‌గా వెళ్లాను. పెద్ద సినిమాలకైతే ఒక చీఫ్, అతని కింద ఇద్దరు అసిస్టెంట్లు, హీరోకు వేరే మనిషి ఉంటారు. ఇది చిన్న సినిమా. పెట్టె మోసే హోదాతో సహా అన్ని హోదాలూ నావే.

కథ ఇదీ. మైసయ్య అనే ఆయన రోజూ పొద్దున మీసం దువ్వి, వాన వస్తుందో రాదో చెబుతాడు. ఒక్కసారీ నిజం కాదు. అయినా వాడకట్టంతా నమ్ముతుంది. డైరెక్టరు స్రవంతి హయత్‌నగర్ అమ్మాయి, ఆమెకిది మొదటి సినిమా. కెమెరా పదిహేను రోజులకే దొరికింది, పదహారో రోజు లేదు. మైసయ్య వేషానికి చెరువులో చేపలు పట్టే మల్లేశ్‌ను అతని మీసం చూసే తీసుకుంది. సినిమాలో భార్య కూడా అతని భార్య యాదమ్మే.

ఆరో రోజు సెలవు. ఏడో రోజు మల్లేశ్ నున్నటి గుండుతో వచ్చాడు. మీసం కూడా లేదు.

"ఇదేందన్నా?" అని స్రవంతి మెల్లగా అడిగింది.

"ఐదు దినాలు డైలాగులు మర్వకుంటే యాదగిరిగుట్టల గుండు ఇస్తనని మొక్కిన. మర్వలే. నిన్న పోయి ఇచ్చొచ్చిన."

"మీసం గూడనా?"

"దేవునికి సగం సగం ఇస్తమా?"

సినిమాను కథ వరుసలో తీయరు. చివరి సీన్లు మీసంతోనే అయిపోయాయి. మధ్య సీన్లలో అది లేకపోతే కంటిన్యుటీ పోతుంది, అంటే నిన్న ఉన్నది ఇవాళ ఎందుకు లేదని చూసేవాడు అడుగుతాడు. గుండుకు రుమాలు చుట్టాం. మీసం నా మీద పడింది. సన్నని వల గుడ్డ మీద వెంట్రుకలు ఒక్కొక్కటే ముడివేసి, స్పిరిట్ గమ్‌తో పెదవిపై అతికించాను. ముప్పై ఏళ్లలో నేను పెట్టిన మీసం ఊడలేదు.

టీ తాగే సీన్‌లో ఊడింది. చెమటకు కుడి కొన లేచి గ్లాసులోకి వాలింది. యాదమ్మ కెమెరా సంగతి మరిచి బొటనవేలితో దాన్ని నొక్కింది.

"సక్కగ పెట్టుకో. నలుగురు జూస్తరు."

"అందరికి ఎర్కనే గద," అన్నాడు మల్లేశ్. ఆ వెంటనే డైలాగు గుర్తొచ్చి, "ఇయ్యాల వాన రాదు," అన్నాడు.

గమ్ సీసా పట్టుకుని నేను లేవబోతుంటే స్రవంతి నా చెయ్యి పట్టి ఆపింది. కట్ చెప్పాక, "అన్నా, మైసయ్యది ముందుగాల్నించి పెట్టుడు మీసమే. అందరికి తెలుసు. ఎవ్వరు అనరు," అంది. తీసిన సీన్లన్నీ ఆ మాటకు సరిపోయాయి.

నాకు మాత్రం మింగుడుపడలేదు. నా పేరు పోతుందన్నాను.

"పోదన్నా. రేపు పంచాయతి సీన్‌ల మీసం పూరా ఊడాలె. 'రాదు' అన్న మాట కాడనే."

మర్నాడు మొదటి టేక్‌లో మాట మొదలవకముందే రాలింది. గమ్ పెంచితే రెండు టేకులు అసలు కదల్లేదు.

"నిన్న వద్దంటె ఊడింది, ఇయ్యాల ఊడుమంటె ఊడుతలేదు. మల్ల మొక్కుదునా?" అన్నాడు మల్లేశ్.

"ఇంక నీ తాన ఏమున్నది ఇయ్యనీకి?" అంది యాదమ్మ.

కొసలకు కొబ్బరినూనె రాసి, నడిమధ్య ఆవగింజంత గమ్ పెట్టి, అతన్ని పది నిమిషాలు ఎండలో కూర్చోబెట్టాను. "రేపు గూడ వాన రాదు," అనగానే మీసం ఒడిలో పడింది. నవ్వొద్దని చెప్పి ఉంచడం వల్ల జనం గంభీరంగా కూర్చున్నారు. ముందు వరుసలోని పెద్దమనిషి వంగి దాన్ని తీసి, దులిపి, మల్లేశ్ చేతికిచ్చి, "మరి ఎల్లుండి?" అని అడిగాడు. అది స్క్రిప్టులో లేదు.

తర్వాత ఒక ఫంక్షన్ హాల్లో సినిమా వేశారు. అన్నిటికంటే ఎక్కువ నవ్వు నా మీసం పడ్డప్పుడే వచ్చింది. పక్కనున్నాయన అది మల్లేశ్ సొంత తెలివి అనుకున్నాడు. నేను సరిదిద్దలేదు.

ఊడకుండా అతికించడం గమ్ పని. అనుకున్న మాట దగ్గర ఊడేలా అతికించడానికి ఎండ, చెమట, నటుడు పెదవి కదిపే తీరు అన్నీ చూసుకోవాలి. ఇంకోటి కూడా నేర్చుకున్నాను. మేకప్ మ్యాన్ మొదటి రోజు చర్మానికి ఏం పడదో అడుగుతాడు. ఆ తర్వాత చేసిన రెండు సినిమాల్లో, మొక్కులేమైనా బాకీ ఉన్నాయా అని కూడా అడిగాను. ఒకతను ఉందన్నాడు. అతని సీన్లు ముందుకు జరిపించాను.