కాటన్‌పేట డిజైనర్

ఆ రోజుల్లో, అంటే నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, చేసే పనంటే సిగ్గూ చెయ్యని పనంటే గర్వమూ నాకు దండిగా ఉండేవి. కాటన్‌పేటలో మా మామ పట్టుచీరల కొట్లో సేల్స్‌మన్‌ని. ఆదివారాలు డ్రాయింగ్ క్లాసుకు వెళ్ళి, అక్కడ మాత్రం ఫ్యాషన్ డిజైనర్‌నని చెప్పుకునేవాణ్ణి (నా పేరొక్కటే నిజం). అందరికీ కాదు లెండి, పక్క స్టూలు మీద కూర్చునే సాఫ్ట్‌వేర్ అమ్మాయికి. ఆమె ఇటు తిరిగితే చాలు, నా పెన్సిల్ ముల్లు విరిగేది. వచ్చే ఆదివారం మనసులో మాట చెప్పేద్దామని తీర్మానించుకున్నాను.

మా కొట్లో చీరను పరుపు మీద పరిచి చూపిస్తే ఎవరికీ తృప్తి ఉండదు. ఎవరో ఒకరు కట్టుకుని చూపించాలి. ఆ ఎవరో ఒకరు నేనే (అందరిలోకీ సన్నగా ఉన్నందుకు శిక్ష). ప్యాంటూ చొక్కా మీదనే కుచ్చిళ్ళు పోసుకుని, పైట వేసుకుని, అద్దం ముందు అటూ ఇటూ తిరగాలి. ఆ బుధవారం నేను చిలకపచ్చ చీరలో తిరుగుతూ ఉండగా, గుమ్మంలో చెప్పులు విప్పుతూ సాఫ్ట్‌వేర్ అమ్మాయి! వెనకాల వాళ్ళ అవ్వ. పారిపోదామంటే కాళ్ళకు కుచ్చిళ్ళు అడ్డం.

"నువ్వు డిజైనర్‌నంటివి కదా?" అంది ఆమె నోరు తెరిచి.

"ఇది ఫీల్డ్ వర్క్," అన్నాను (ఛీ, ఛీ!).

అవ్వకి ఇవేవీ పట్టలేదు. "మా పాపకు పెండ్లి కుదిరిండాదప్పా. ముహూర్తం చీర కావాల. కట్టి చూపియ్యి, ఊరికే పరిస్తే నాకు తెలీదు," అంటూ పరుపు మీద కూలబడింది.

మామ గల్లాపెట్టె దగ్గర్నుంచి "ఏంరా, బొమ్మ మాదిరి నిలబడినావు?" అని కేకేశాడు. నిజం చెప్పొద్దూ, ఒక పాడు ఆలోచన వచ్చింది. అన్నీ వంకరటింకరగా కట్టి, ఏదీ నచ్చకుండా పంపించేస్తే? చీర దొరక్కపోతే పెళ్ళే ఆగిపోతుందనుకునేంత తెలివి అప్పట్లో నాది. కానీ పట్టు తగిలేసరికి చేతులు నా మాట వినలేదు. ఆరు చీరలు కట్టాను. ఏడోది మామిడిపండు రంగు, వంకాయ రంగు అంచు. కుచ్చిళ్ళు సర్ది, పైట వేసి ఇటు తిరిగేసరికి అవ్వ "ఎంత బాగుండాదప్పా! ఇదే ఉండనీ," అని మెటికలు విరిచింది.

అద్దంలో చూశాను. ముహూర్తం చీరలో నేను, నా భుజం వెనక ఆమె. మేమిద్దరం జంటగా కనపడ్డం అదే మొదలు, అదే ఆఖరు. అందులోనూ పెళ్ళికూతుర్ని నేను!

ఆమె నవ్వలేదు. "క్లాసులో నీ బొమ్మలు నాకెప్పుడూ నచ్చలేదు, సారీ," అంది మెల్లగా. "ఇంత బాగా చేసే పని ఎందుకు దాచిపెడ్తివి?"

ఎంతో చెప్పాలనుకున్నాను. "జరీ బరువుంది, పైటకి రెండు పిన్నులు పెట్టించుకోండి మేడమ్," అని మాత్రం వచ్చింది. చీర పద్ధతిగా మడతపెట్టి ఇచ్చాను.

ఇప్పుడా కొట్టు నాదే. ఎవరైనా అడిగితే ఈ పొట్టతోనే కట్టి చూపిస్తాను, సిగ్గేం లేదు. ఇరవై రెండేళ్ళ ఆ కుర్రాడి గొప్పలు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, ఆ చీర వంకరగా కట్టలేకపోయినందుకు వాడంటే నాకిష్టం. ఆమెకు చెప్పాలనుకున్నదంతా ఆ కుచ్చిళ్ళలోనే పెట్టేశాడు, పిచ్చి సన్నాసి.