కొసరు లేని లెక్క

నేను బడికి వెళ్ళింది రెండేళ్ళే. ఐదో ఎక్కం దగ్గర మానిపించారు. "దీనికి లెక్కలు రావు, మొద్దు" అన్నారు మా పంతులుగారు. ఆ మాట పట్టుకుని మా నాన్న నన్ను ఇంటి పనిలో పెట్టాడు. అది నిజమో అబద్ధమో నాకు తెలియకుండానే ఇల్లాలినయ్యాను, అమ్మమ్మనయ్యాను. అందుకే, పంతొమ్మిది వందల డెబ్భైల్లో ఒక పరీక్షల కాలంలో, రెండో తరగతి చదివే నా మనవరాలి గురించి వాళ్ళ టీచరుగారు ఇంచుమించు అదే మాట అనేసరికి, నా మొద్దుతనమే దానికీ వచ్చిందేమో అనుకున్నాను.

మా అమ్మాయి రెండో కాన్పుకని విజయవాడ వచ్చింది. వన్ టౌన్‌లో మా సందు చివరే బడి. పిల్ల చదువు చెడకుండా ఆ ఏడాదికి అక్కడే చేర్పించాం.

"కూడికలు, తీసివేతలు చక్కగా చేస్తుందండీ," అన్నారు టీచరుగారు. "ఎక్కాలు గడగడా అప్పజెపుతుంది. గుణకారం లెక్క ఇస్తే మాత్రం ఒక్కటీ రైటవదు. పరీక్షలోనూ ఇట్లాగే రాస్తే మళ్ళీ రెండులోనే కూర్చోబెట్టాలి. ఏమనుకోకండి, కాస్త మందకొడేమో."

"నేను చూసుకుంటానండీ," అన్నాను. గట్టిగానే అన్నాను. ఇంటికి వచ్చేదాకా మాత్రం దాని చెయ్యి వదల్లేదు.

ఆ సాయంత్రమే పలక పట్టించి కూర్చోబెట్టాను. గారాబం చేసే అలవాటు నాకు లేదు.

"ఐదో ఎక్కం చెప్పవే."

"ఐదొకట్ల ఐదు, ఐదు రెళ్ళు పది, ఐదు మూళ్ళు పదిహేను, ఐదు నాలుగులు ఇరవై..."

"చాల్లే. బుట్టకి ఐదు పళ్ళు, నాలుగు బుట్టలు. మొత్తం ఎన్ని?"

ఇరవై ఒకటి అని రాసింది. చెరిపించి మళ్ళీ అడిగాను. మళ్ళీ ఇరవై ఒకటే. ఆరేసి పళ్ళు, మూడు బుట్టలు? పంతొమ్మిది. మూడు రోజులు ఇదే వరస. మొట్టికాయ కూడా వేశాను, దాచడం దేనికి? పిల్ల ఏడవలేదు. పలక వంక చూస్తూ కూర్చుంది. ఆ కూర్చోవడం నాకు తెలిసిందే. నేనూ ఒకప్పుడు అట్లాగే కూర్చున్నాను.

నాలుగో రోజు చింతగింజల డబ్బా తీశాను. చింతపండులో వచ్చిన గింజలు నేను పారెయ్యను, ఎందుకో ఒకందుకు పనికొస్తాయి. నేల మీద పోసి, "ఐదేసి గింజలతో నాలుగు పోగులు పెట్టు," అన్నాను. "అన్నీ సమానంగా ఉండాలి. ఒక దాంట్లో ఎక్కువా ఒక దాంట్లో తక్కువా ఉంటే అది గుణకారం కాదు."

చెబుతూ చెబుతూ నేనే ఆగిపోయాను. ఐదు నాలుగులు అంటే ఐదేసి చొప్పున నాలుగు పోగులని చిన్నప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు. పాట పాడినట్టు పాడించారు, అంతే.

పిల్ల పొందిగ్గా నాలుగు పోగులు పెట్టింది. ఒక్కొక్క గింజా వేలితో తాకుతూ ఇరవై లెక్కపెట్టింది. హమ్మయ్య అనుకునే లోపల, డబ్బాలోంచి ఇంకో గింజ తీసి చివరి పోగు మీద పెట్టింది.

"ఇరవై ఒకటి!"

"ఆ ఒకటీ ఎక్కడిదే?"

"కొసరు, అమ్మమ్మా."

"కొసరేంటే?"

"నిమ్మకాయల దగ్గర రోజూ నువ్వు అడగవూ? నాలుగు పోగులు తీసుకున్నాం, కొసరు వెయ్యందే ఇక్కణ్ణించి కదలను అనవూ? లెక్కల పుస్తకంలోనూ అన్నీ పళ్ళూ కాయలేగా!"

మంచం మీద పసిదాన్ని పక్కలో వేసుకుని పడుకున్న మా అమ్మాయి పకపకా నవ్వింది. "బాగుందమ్మా! నువ్వు నేర్పింది నీకే అప్పజెప్పింది. దానికెందుకు మొట్టికాయలు?"

నాకు నవ్వు రాలేదు. ముందు ఒళ్ళు తేలికైంది. మొద్దు కాదు. పిల్ల మొద్దు కాదు. దాన్ని దగ్గరికి లాక్కుని మొట్టిన చోట నిమిరాను. "కొసరు బజార్లో, లెక్కలో కాదు," అని మాత్రం కాస్త గట్టిగానే చెప్పాను.

మర్నాడు బడికి నేనే తీసుకెళ్ళి సంగతంతా చెప్పాను. టీచరుగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, పిల్లని పిలిచారు.

"బుట్టకి ఆరు పళ్ళు, మూడు బుట్టలు. ఎన్ని?"

పిల్ల నా వంక చూసింది.

"కొసరు లేకుండానే కదండీ?"

"లేకుండానే."

"పద్దెనిమిదండీ."

ఇంకో నాలుగు లెక్కలు అడిగారు. నాలుగూ రైటే. "దీనికి భయం లేదండీ, మూడులోకి వెళ్తుంది," అన్నారు.

వస్తూ దారిలో నిమ్మకాయల ఆవిడ దగ్గర రెండు పోగులు సంచీలో వేయించుకుని నడక మొదలుపెట్టాను. వెనక నుంచి కేకేసింది.

"ఏంటి పెద్దమ్మగారూ, ఇయ్యాల కొసరడగకుండానే పోతన్నారు? ఒంట్లో బాగోలేదా ఏంటి?"

నిజమే, మర్చిపోయాను. ఆవిడే నవ్వుకుంటూ ఒక కాయ పిల్ల చేతిలో పెట్టింది. సంచీ నోరు తెరిచి పట్టుకున్నాను.

పిల్ల అందులో వెయ్యలేదు. "సంచీలో పది, అమ్మమ్మా. ఇది వేరే," అని ఆ కాయ గుప్పిట్లోనే పట్టుకుని ఇంటిదాకా నడిచింది.