ఎవరి దెబ్బ బరువు

లారీల షెడ్డులో టైర్లు మార్చే ఆ భారీ మనిషిని అందరూ బండ అనేవారు. తోడల్లుడి పేరెత్తితే చాలు, బండకి ఒళ్లు మండేది. ఒకప్పుడు ఇద్దరూ హెవీవెయిట్ బాక్సర్లే. అక్కని ఇతను, చెల్లెల్ని అతను చేసుకున్నారు. ఇద్దరినీ ఒకే రింగులోకి దింపుదామని పోటీలు పెట్టేవాళ్లు ఎంత బతిమాలినా అత్తగారు పడనివ్వలేదు. ఎవరు గెలిచినా తన ఇంట్లో ఒక కూతురు ఏడుస్తుందని ఆవిడ వాదన.

దాంతో ఎవరి దెబ్బ గట్టిదో తేలకుండా ఉండిపోయింది. తేలలేదని అనుకునేది బండ ఒక్కడే. ఊరు ఎప్పుడో తేల్చేసింది. ఇద్దరూ వేరువేరుగా ఒకే మనిషితో తలపడ్డారు. బండ పది రౌండ్లూ బాది బాది పాయింట్ల మీద గట్టెక్కాడు. ఏడాది తిరక్కుండా తోడల్లుడు అదే మనిషిని రెండో రౌండులో ఒక్క గుద్దుతో పడుకోబెట్టాడు. అప్పట్నుంచి అతను 'సుత్తి' అయ్యాడు. "సుత్తే. నోరు తెరిస్తే తెలుస్తుంది" అని బండ పెళ్లాం దగ్గర గొణిగేవాడు. నిజానికి సుత్తి ఆ గుద్దు సంగతి తనంతట తాను చెప్పుకోడు; ఇంట్లో పదిమంది చేరితే వాళ్లే చెప్పించుకుంటారు. బండకి అది ఇంకా కడుపుమంట.

ఇరవై ఏళ్లయ్యాక ఒకనాడు బండకి తట్టింది. ఇద్దరి దెబ్బలూ తిన్నవాడు ఒకడున్నాడు కదా, అతన్నే అడిగితే పోలా? వాకబు చేస్తే, ఆ మనిషి బస్టాండు వెనక సందులో తాళాలు బాగుచేసుకుంటున్నాడని తెలిసింది.

తాళాలాయన చూడగానే గుర్తుపట్టి స్టూలు జరిపాడు. కుడి చెవి వినపడదని ఎడమవైపు కూర్చోమన్నాడు. బండ మాట అటూ ఇటూ తిప్పి అసలు సంగతి అడిగాడు. ఆయన ఆకురాయి పక్కన పెట్టాడు.

"మీ తోడల్లుడి గుద్దు నాకు తెలియనే తెలీదు. కళ్లు తెరిచేసరికి డాక్టరు కనిపించాడు. మీవి మాత్రం ఒక్కొక్కటీ గుర్తే. ఈ చెవి పోయింది మీ దెబ్బలకే."

బండ మొహం ముందు వెలిగింది, తర్వాత నల్లబడింది. గెలిచానని ఎవరికి చెప్పుకోవాలి? ఏమని చెప్పుకోవాలి?

మరుసటి ఆదివారం పళ్లు కొనుక్కుని మళ్లీ వెళ్లాడు. క్షమించమనాలో, ఊరికే కూర్చోవాలో తేల్చుకోలేదు. తీరా చూస్తే కొట్లో సుత్తి ఉన్నాడు, చేతులు మసి చేసుకుని తాళానికి నూనె పోస్తూ.

"దా అన్నయ్యా" అన్నాడు. తాళాలాయన్ని పడగొట్టిన వారానికే పలకరించడానికి వచ్చాడట. ఆనాటి నుంచి ఆదివారాలు మానలేదట.

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"ఎలా చెప్పను? ఈయన మాటెత్తితేనే లేచి వెళ్లిపోతావు కదా."

ఇక్కడా వీడే ముందు. బండ పళ్ల సంచితో సహా వెనక్కి తిరిగిపోదామనుకున్నాడు. ఈలోగా తాళాలాయన తుప్పు పట్టిన పెద్ద తాళమొకటి అతని ముందుకు తోశాడు. దాని మూత ఊడక పొద్దున్నించీ ఇద్దరూ కుస్తీ పడుతున్నారట. బండ మెలిపెట్టాడు. ఊడింది. సుత్తి చెయ్యి చాపినా అతనికివ్వకుండా, తనే తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాడు.

ఆ తర్వాత ఆదివారాలు ఇద్దరూ వెళ్లేవారు. బండ మాత్రం అరగంట ముందే బయల్దేరేవాడు.