జయరాణి అక్క, రెండు ఆస్పత్రుల వివరాలు

కరెంటు పోయి యూపీఎస్ కీచుమని మోగితే చాలు, విరుదునగర్‌లో మేడ మీది ఆ ఇరుకు గది, వేడెక్కిన మెషీన్ల వాసన, వాటి మధ్య కూర్చున్న జయరాణి అక్క గుర్తొస్తారు. రెండువేల తర్వాతి తొలి సంవత్సరాలవి. నాకు ప్రోగ్రాం రాయడం నేర్పింది ఆవిడే. కోవిల్‌పట్టి నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఆఫీసులో అందరితో తమిళం, నాతో మాత్రం, తరాలుగా అక్కడే ఉంటున్న మా తెలుగువాళ్ల ఇళ్లలో మాట్లాడుకునే తెలుగు.

ఒకే యజమానికి ఆ రెండు ఊళ్లలోనూ ఆస్పత్రులు ఉండేవి. రెండుచోట్లా ఉన్న రోగుల వివరాలను కలిపే పని మాకు వచ్చింది. రోగికొక ఆబ్జెక్టు, అంటే వివరాలన్నీ పెట్టే డబ్బా లాంటిది. అందులో పేరు, ఊరు, దాని లోపల రాసిన మందులు, పడని మందుల వివరాలతో మరో చిన్న ఆబ్జెక్టు. ఒకే రోగికి రెండు ఊళ్లలో ఉన్న ఆబ్జెక్టులను కలపడానికి మేము వాడే ప్రోగ్రాం భాషలో ఒక ఆదేశం సిద్ధంగానే ఉంది. అక్కకు అది నచ్చలేదు.

“ఇది పైపైన కలుపుతాది, కణ్ణు. రెండిట్లోనూ ‘మందులు’ అని ఉంటే, వెనక వచ్చింది ముందుదాన్ని మొత్తంగా తోసేస్తాది. లోపలికి దిగి ఒక్కొక్కటీ కలపాల” అంది. నన్ను ముద్దుగా ‘కణ్ణు’ అనేది.

అలా రాయడానికి వారం గడువు అడిగింది. యజమాని అప్పటికే ఆ కలిపిన కంప్యూటర్ల ప్రారంభోత్సవానికి పెద్దమనుషులను పిలిచేశాడు. ఉన్నదాన్నే నడపమనీ, మిగతాది తర్వాత చూద్దామనీ తమిళంలో అన్నాడు. అక్క చాలాసేపు వాదించింది. చివరికి తన చేత్తోనే నడిపింది. తెర మీద ఒక్క తప్పు కూడా కనిపించలేదు.

కొన్నాళ్లకు కోవిల్‌పట్టి దగ్గరి కయత్తారు వైపు నుంచి ఒకాయన మేడెక్కి వచ్చాడు. అతని భార్య విరుదునగర్ ఆస్పత్రిలో ఒక సూది వేయించుకుని చనిపోయింది. ఆ మందు ఆమెకు పడదని కోవిల్‌పట్టిలో ముందే నమోదైంది. మేము కలిపినప్పుడు, అంతకుముందెప్పుడో విరుదునగర్‌లో ఆమెకు జ్వరానికి రాసిన మాత్రల వివరం వచ్చి దాన్ని తోసేసింది. కోవిల్‌పట్టి పాత మెషీన్‌లో ఆ మాట అలాగే ఉంది. డాక్టరు చూసిన తెర మీద లేదు.

మేము తెలుగులో మాట్లాడుకోవడం విని అతనూ తెలుగులోనే అడిగాడు. “సూది పడదని చెప్పినాము గదమ్మా. కంప్యూటర్లో ఏసుకున్నారు గూడా. యాడికి పోయింది?”

యజమాని పేరు చెబితే సరిపోయేది. అక్క చెప్పలేదు. “ఉన్నింది, అన్నా. నేనే చెరిపినాను” అంది. అతను తిట్టలేదు. చెప్పులు వెతుక్కుని మెట్లు దిగిపోయాడు.

మరుసటి రోజు నుంచి అక్క రాలేదు. నేను కోవిల్‌పట్టి వెళ్తే, వాళ్లింటి ముందు గదిలో అగ్గిపెట్టెలకు కాగితాలు అంటిస్తూ కనిపించింది. తిరిగి రమ్మని బతిమాలాను.

“అందరివీ లోపలిదాకా కలిపినారా?” అని అడిగింది.

కలపలేదు. తర్వాత చూద్దామని యజమాని ఇంకా అంటూనే ఉన్నాడు. ఆ మాటే చెప్పాను.

“అయితే ఏంటికి పిలుస్తావు? సుమ్మా పో, ఊరికే పో” అంది, నా వైపు చూడకుండానే. మళ్లీ ఆ ఇంటికి వెళ్లడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆమె ఇప్పుడెక్కడుందో తెలియదు.

ఇప్పుడు నా కింద కుర్రాళ్లు పనిచేస్తున్నారు. వాళ్ల ప్రోగ్రాంలో రెండు ఆబ్జెక్టులను కలిపే వరుస కనబడితే ఆపేసి, లోపల ఏముందో చూపించమంటాను. అనుమానం ఎక్కువని వాళ్లు నవ్వుకుంటారు. చూశాక కూడా నాకు నమ్మకం కుదరదు. తోసేసిన మాట ఏదైనా, ఎవరిదైనా, ఒక మనిషి మేడెక్కి వచ్చి అడిగేదాకా మాకు తెలియదు.